తిల్ల సమిధలు

అమావాస్య నాటి అసురసంధ్య! పడమట సూర్యబింబం రుధిరవర్ణంతో ఉప్పుటేటిలోకి కుంగిపోతోంది... ఆగ్నేయాన కారుమేఘాలు గర్జిస్తున్నాయి. సముద్రపు పోటు ఏటికి ఎదురెక్కి వస్తోంది. గట్టు మీద మిగిలిన నాలుగు తిల్ల పొదల్లోంచి గుడ్లగూబ ఒక్కసారి కూసి ఊరుకుంది.

ఒకప్పుడు ఆ గట్టు పొడవునా తిల్ల పొదలే. ఉప్పునీళ్ళు తాగి బతికే మొండి జాతి. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చూపు పోతుంది. ఒడ్డువాళ్ళు దాన్ని నరకరు, పొయ్యిలో అసలే పెట్టరు. ఆకివీడులో రొయ్యల మేత కొట్టు పెట్టుకున్న అమరేశ్వరరావు నరికించాడు! చెరువు తవ్వించడానికి గట్టంతా గొరిగించి, కట్టెను కుప్ప వేయించాడు. వేళ్ళు పోయాక గట్టు దేన్ని పట్టుకుని నిలబడుతుందో ఆ మహానుభావుడికి తట్టలేదు.

చెరువులో రొయ్యలకు ప్రాణం తీసే తెల్లమచ్చ తెగులు పడింది. మందులన్నీ అయ్యాక నల్లజర్ల నుంచి ఉగ్రనాథుడనే మాంత్రికుడు దిగాడు. ఈ ఒడ్డు కూర తిని పెరిగిన ఆడదాని ప్రాణం చెరువుకు బలి కావాలన్నాడు. ముందుగా దాని తలవెంట్రుకలు తెమ్మన్నాడు.

ఒడ్డున ఉప్పుమట్టిలో మొలిచే ఇలవకూర కోసి ఇంటింటికీ ఇచ్చే సుగుణ ఉంది కదా! మొదటి గుప్పెడు తిల్ల పొద మొదట్లో వదిలి, "నీ వంతు నీకే తల్లీ" అనుకుంటే గాని బుట్ట నింపుకోదు. అమరేశ్వరరావు భార్య రత్నాంబ మొగుడి మాట మీద ఆమెను పెరటి మెట్టు మీద కూర్చోబెట్టి, నూనె రాసి తల దువ్వింది. సుగుణ మురిసిపోయింది.

"మా అమ్మ పోయాక నా తల ఎవరూ దువ్వలేదండి అమ్మగారూ."

దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు మొగుడి చేతిలో పెట్టింది రత్నాంబ. ఎందుకో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. అడగకపోవడమే ఆమె చేసిన పాపం.

ఆనాటి నుంచి సుగుణకు ఏదో ఆవహించింది... మగగొంతుతో గుర్రుమంటూ, అయినవాళ్ళను గుర్తు పట్టక ఏట్లోకి నడిచిపోయేది. రత్నాంబకు ముద్ద దిగలేదు. అమావాస్య నాడు మొగుణ్ణి నిలదీసింది.

"ఏవండీ, ఆ పిల్లకేమవుతుందో మీకు తెలుసు. చెప్పండి."

ఆయన తల వంచుకునే చెప్పాడు. "ఇవాళ పోటుతో పోతుంది రత్నం. వెంట్రుకలు ఇచ్చిన మనిషే, ఆ పిల్ల వినేలా నిజం ఒప్పుకుని వెనక్కడిగితే తప్ప కట్టు వీడదట. నోరు మెదపకు."

రత్నాంబ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

గట్టు మీద హోమగుండం! దాని ముందు సిందూరం పూసిన కపాలం... దానికి చుట్టిన సుగుణ వెంట్రుకలు... ఏటి వైపు, గుండానికి అవతల, తడి చీరతో సుగుణ కట్టెలా పడి ఉంది. మాంత్రికుడు మెట్ట మనిషి, తిల్ల సంగతి ఎరగడు. పక్కనే ఎండు కట్టె కుప్ప ఉండగా సమిధల కోసం వెతకడమెందుకనుకున్నాడు. తిల్ల మొద్దులు మంట మీద పేర్చి, భీకర మంత్రోచ్చారణతో కత్తి ఎత్తాడు!

"ఆగండి," అంది రత్నాంబ. "సుగుణా, విను. నీ వెంట్రుకలు ఇచ్చింది నేనే. నీ తల దువ్వింది ప్రేమతో కాదు. తప్పు నాదే తల్లీ. స్వామీ, అవి నాకు వెనక్కిచ్చేయండి."

"ఓసి మూఢురాలా, నిన్నూ భస్మం చేస్తాను!" అని హుంకరించాడు ఉగ్రనాథుడు. ఆ క్షణంలోనే కపాలం నిట్టనిలువునా పగిలింది! వెంట్రుకల ముడి విడిపోయింది. సుగుణ కళ్ళు తెరిచింది.

ఉప్పుటేటి మీది గాలి ఒక్క ఉదుటున లేచింది. తిల్ల పొగ... ఆ ఘోర విషధూమం మాంత్రికుడి ముఖాన్ని కమ్మేసింది. నరికేసిన పొదలన్నీ ఆ పొగలో మళ్ళీ కొమ్మలు చాచి లేచినట్టయింది! "కళ్ళు! నా కళ్ళు!" అని ఆర్తనాదం చేస్తూ గుడ్డిగా ఏటి వైపు తూలాడు. వేళ్ళు లేని గట్టు అతని పాదాల కింద పెళ్ళలుగా విరిగింది. పోటు నీరు నోరు తెరిచి మింగేసింది. చెరువు గట్టూ దాని వెంటే తెగింది. సుగుణ పడుకున్న చోటు మాత్రం తెగలేదు. అక్కడ నాలుగు తిల్ల పొదలు మిగిలి ఉన్నాయి.

గట్టు తెగిన చోట అమరేశ్వరరావు మళ్ళీ చెరువు పెట్టలేదు. అక్కడ తిల్ల చిగురు వేసింది. కొన్నాళ్ళకు సుగుణ కూర బుట్టతో పెరటి గుమ్మంలోకి వచ్చింది. కొంగు నుదుటి దాకా బిగించి కప్పుకుంది. రత్నాంబ మెట్టు దిగి ఆమె చేతులు పట్టుకుంది.

"నన్ను క్షమించగలవా సుగుణా?"

"కోపం లేదండి అమ్మగారూ. మీరొచ్చి చెప్పబట్టే బతికాను. లేత కూరండి, పప్పులో వేసుకోండి. ఉప్పు వెయ్యకండి, దాంట్లోనే ఉంటుంది."

రత్నాంబ కళ్ళు తుడుచుకుంది. అలవాటు చొప్పున ఆమె చెయ్యి సుగుణ తల నిమరబోయింది. సుగుణ ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"కూర ఎప్పుడూ తెస్తానండి. తల మాత్రం ఇంక మీ చేతికివ్వనండి."