విప్పగింజ లేని కుండ

చండవర్మ మూడోసారి రాజైన ఎన్నిక న్యాయమైన ఎన్నిక కాదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. పిల్లలు ఈ సంగతి ముందే తెలుసుకుని కథ వినాలి.

ఏటిగడ్డ దేశంలో ఏడు ఊళ్ళుండేవి. అక్కడ రాజ్యం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది కాదు. ఏడేళ్ళకొకసారి కోట ముందు మైదానంలో, పోటీకి నిలిచినవాళ్ళకు తలా ఒక కుండ పెట్టేవారు. ఇంటికొకరు వచ్చి, తమకు నచ్చినవారి కుండలో ఒక గింజ వేసి పోయేవారు. ఎవరి కుండలో గింజలు ఎక్కువ పడితే వారిదే సింహాసనం.

ఏ ఊరి గింజ ఆ ఊరిది. కుమ్మరిపల్లెది చింతగింజ. కమ్మరిపాలెంది గురివింద. విప్పగూడెంది విప్పగింజ. మిగతా నాలుగు ఊళ్ళవీ ఆముదం, కానుగ, కుంకుడు, వేప. తమ గింజను అరచేతిలో పెట్టుకుని, అందరికీ చూపిస్తూ మైదానానికి నడవడం వాళ్ళకు గొప్ప. కుండలు మాత్రం తడికల చాటున ఉండేవి. కాబట్టి ఎవరు ఎందులో వేశారో ఎవరికీ తెలియదని అందరూ నమ్మేవారు.

ఆ ఏడు చండవర్మకు ఎదురు నిలిచింది తిమ్మక్క. ఆమె నీరటి. కాలువ నీళ్ళు ఏ చేనుకు ఎంతసేపో పంచేది ఆమే. చిన్న రైతుకూ పెద్ద రైతుకూ ఒకే కొలత. ఆమే గెలుస్తుందని ఊళ్ళన్నీ చెప్పుకున్నాయి. తీరా లెక్కపెడితే చండవర్మ కుండలో మూడువేల రెండువందల పన్నెండు గింజలు, తిమ్మక్క కుండలో తొమ్మిది.

మైదానం నడుమ సత్యశిల అనే నల్లరాయి ఉంది. ఎన్నికను తప్పుపట్టేవారు దానిమీద నిలబడి తప్పేమిటో చెప్పాలి. చెప్పింది నిజమైతే ఎన్నిక చెల్లదు. అబద్ధమైతే చెప్పినవాడు రాయవుతాడు. కుమ్మరిపల్లె కొమరన్న ఒక్క దూకులో ఆ రాయెక్కి, "గింజలు తప్పు లెక్కపెట్టారు!" అని అరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా, కాళ్ళ నుంచి తల దాకా రాయైపోయాడు.

అతని చెల్లెలు అంకమ్మకు పద్నాలుగేళ్ళు. అన్న పాదాలు పట్టుకుని కూర్చున్న ఆ పిల్ల దగ్గరికి తిమ్మక్క వచ్చింది.

"మీ అన్న చూడకుండా అరిచాడమ్మీ," అంది.

"అయితే లెక్క సరైందేనా, అత్తా?"

"నాకేం తెలుసు? నేనూ చూళ్ళేదు. పదిహేను రోజుల్లోగా అసలు తప్పేదో కనిపెట్టి, ఇదే రాయెక్కి చెప్పినవాళ్ళుంటే మీవోడు మళ్ళీ మనిషవుతాడు. గడువు దాటితే రాయి రాయే. లెక్కయిన కుండలన్నీ అడవి గుహలో దాచి ఉంచుతారు. వెళ్ళి చూసొస్తావా?"

"చూసొస్తాను," అంది అంకమ్మ. అటుకులు మూటగట్టుకుని బయల్దేరింది.

రెండో రోజుకు ఏరు అడ్డం వచ్చింది. రేవులో కొట్టమంత తాబేలు పడుకుని ఉంది. ఎన్నికనాడు జనాన్ని ఏరు దాటించేది అదే.

"తాతా, ఆ రోజు ఎవరినైనా దాటకుండా ఆపారా?" అని అడిగింది అంకమ్మ.

"ఆపితే నేనూరుకుంటానా? కుంటివాళ్ళూ గుడ్డివాళ్ళూ అంతా దాటారు. ఒక ముసల్ది నా వీపు మీదే నిద్రపోయింది. సరేగానీ, నువ్వు నిజం కోసం పోతున్నావా, అన్న కోసం పోతున్నావా?"

అంకమ్మ తల వంచుకుంది. "అన్న కోసమే, తాతా."

"నిజం కోసమని చెప్పుంటే నడి ఏట్లో ముంచేవాణ్ణి. ఎక్కు," అంది తాబేలు.

ఏరు దాటాక మూడు రోజులు నడిస్తే గుహ వచ్చింది. గుహ ముందు గుండుభూతం కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఓసి బక్కపిల్లా! కుండ తెరిచినవాళ్ళు గింజలన్నీ లెక్కపెట్టి తీరాలి. ఒక్క గింజ అటూ ఇటూ అయిందంటే నిన్ను నంజుకుంటాను. పెద్దగా కండ లేదనుకో, అయినా నియమం నియమమే."

"మధ్యలో మాట్లాడించకూడదు మరి," అంది అంకమ్మ.

"నేనా? నేను నోరే మెదపను," అని భూతం ఆ పూటంతా మాట్లాడుతూనే ఉంది.

అంకమ్మకు కాల్చడానికి ఆవంలో కుండలు పేర్చే అలవాటు ఉంది. ఏ రకం కుండలు ఆ రకంగా వరస పెట్టి, వరసకు పది చొప్పున ఎంచుతారు. గింజలనూ అలాగే రకాలుగా విడదీసి, పదేసి చొప్పున పేర్చింది. మూడు రోజుల్లో ఒకసారి లెక్క పూర్తయింది. నమ్మకం కలగక మళ్ళీ మొదలుపెట్టింది. రెండుసార్లూ లెక్క ఒకటే. మూడువేల రెండువందల పన్నెండు. తొమ్మిది.

కోటలో చెప్పిన లెక్క సరైనదే. ఆమె అన్న చెప్పిందే తప్పు.

అంకమ్మకు ఏడుపు వచ్చింది. భూతం ఇబ్బందిగా కదిలింది. "ఏడవకే. ఏడ్చినవాళ్ళను తింటే ఉప్పగా ఉంటారు."

కళ్ళు తుడుచుకుని ఆమె మళ్ళీ వరసల వైపు చూసింది. చింత, ఆముదం, కానుగ, కుంకుడు, వేప, గురివింద. ఇంకోసారి చూసింది.

"భూతం మామా, ఇవి ఆరు రకాలే. విప్పగింజ ఏదీ?"

"ఈసారి రాలేదు. పోయినసారి బోలెడన్ని వచ్చాయి. అదిగో పాత కుండలు, గోడ పక్కన."

పోయినసారి చండవర్మ చేతిలో ఓడినవాడి కుండను అంకమ్మ బోర్లించింది. అందులో ఉన్నవి దాదాపు అన్నీ విప్పగింజలే. మూడువందల నలభై.

ఒక ఊరు మొత్తం ఒకే కుండలో వేసింది. మళ్ళీ ఎన్నికకు ఆ ఊరే లేదు. విప్పగూడెం కరువొచ్చి వలసపోయిందని అంకమ్మ చిన్నప్పుడు విన్నది. చుట్టుపక్కల ఊళ్ళకు రాని కరువు ఆ ఒక్క ఊరికే ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. తానూ అడగలేదు.

"జరిగింది చూసినవాళ్ళు ఎవరున్నారు, మామా?"

"కొండకొమ్మున గండభేరుండం ఉంది. దానికి కనబడనిది లేదు. ఒక్క ప్రశ్నకే బదులిస్తుంది. అదీ కళ్ళతో చూసిందే చెబుతుంది. ఎవరి మనసులో ఏముందో అడిగావనుకో, తన్ని తరిమేస్తుంది."

కొండెక్కడానికి మూడు రోజులు పట్టింది. చండవర్మ మోసగాడేనా అని అడగాలని ఆమె నాలుక దురద పెడుతోంది. కానీ అది మనసు సంగతి. కొమ్ము చేరేలోపు ప్రశ్నను నాలుగుసార్లు మార్చుకుంది.

గండభేరుండానికి రెండు తలలు. "ముందు నేను చూశాను," అంటోంది ఎడమ తల. "చెప్పే వంతు నాది," అంటోంది కుడి తల.

"పోయిన ఎన్నిక లెక్క ముగిసిన దగ్గర్నుంచి విప్పగూడెం కాలువ ఎండే దాకా మీరు చూసిందేమిటి?" అని అడిగింది అంకమ్మ.

రెండు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. కుడి తల చెప్పింది. "చండవర్మ ఓడినవాడి కుండలో చెయ్యి పెట్టాడు. ఒక విప్పగింజ తీసి భటుడి అరచేతిలో పెట్టాడు. ఆ భటుడు మరో పాతికమందితో వెళ్ళి విప్పగూడెం కాలువకు రాళ్ళు అడ్డం పేర్చాడు. మిగతా ఊళ్ళ జనం గట్టుమీద నిలబడి చూశారు. ఎవరూ రాయి తీయలేదు. అందరూ ఇళ్ళకు పోయారు."

ఎడమ తల అంది, "పిల్ల ప్రశ్న బాగా అడిగింది. మోసుకుపోదాం."

పదిహేనో రోజు మధ్యాహ్నం పక్షి ఆమెను మైదానంలో దింపింది. అంకమ్మ వెళ్ళి అన్న పక్కన సత్యశిల మీద నిలబడింది. చండవర్మ మేడ దిగి వచ్చాడు.

"ఏం పిల్లా, లెక్క తప్పేనా?"

"లెక్క సరైందే," అంది అంకమ్మ.

జనం ఉస్సురన్నారు. చండవర్మ నవ్వాడు.

"లెక్క సరైందే. ఏట్లో ఎవరినీ ఆపలేదు. కుండలు ఎవరూ మార్చలేదు. కానీ గింజను చూస్తే ఊరు తెలుస్తుంది. విప్పగూడెం గింజలు చూసి వాళ్ళ నీళ్ళు ఆపించావు. అది చూసిన ఊళ్ళన్నీ ఈసారి భయపడి నీ కుండలో వేశాయి. తడిక చాటున వేసినా చాటు లేకుండా పోయింది. అదీ తప్పు."

ఆమె పాదాలు రాయి కాలేదు. పక్కన ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. కొమరన్న తెరిచిన నోరు మూసి, "ఏం జరిగిందే?" అన్నాడు.

"తర్వాత చెప్తా, దిగన్నా," అని అంకమ్మ రాజు వైపు తిరిగింది. "అయ్యా, మీరూ ఒకసారి ఈ రాయెక్కండి. 'నాకు భయపడి ఎవరూ వేయలేదు' అని ఒక్క మాట అనండి."

చండవర్మ ఆ రాయి వైపు చూశాడు. "నాకు తీరిక లేదు," అన్నాడు. మైదానమంతా నవ్వింది. ఏడేళ్ళుగా అతని ముందు ఎవరూ నవ్వలేదు.

మళ్ళీ ఎన్నిక పెట్టారు. ఈసారి అందరికీ ఒకటే గింజ అన్నారు. దానికీ గొడవ లేచింది.

"చింతగింజ వెయ్యడానికి మేమేం కుమ్మరోళ్ళమా?" అన్నారు కమ్మరిపాలెం పెద్దలు.

"అయితే మేమే మీ గురివింద వేస్తాం, బుట్టలకెత్తి తీసుకురండి," అంది అంకమ్మ. వాళ్ళు సరేనన్నారు. అడవంతా తిరిగి గురివింద ఏరుకొచ్చారు.

తిమ్మక్కకు రెండువేల ఏడువందలు పడ్డాయి. చండవర్మకు అయిదువందల ఇరవై ఒకటి. ఆ అయిదువందల పైచిలుకు ఎవరు వేశారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలియకూడదు.

తిమ్మక్క సింహాసనం ఎక్కిన పూటే విప్పగూడెం కాలువలో రాళ్ళు తీయించింది. కొమరన్న పెళ్ళి కమ్మరిపాలెం పిల్లతో జరిగింది. తమ ఎన్నిక సరైనదో కాదో చూసిపెట్టమని పొరుగు దేశాలవాళ్ళు అంకమ్మకు పల్లకీ పంపేవారు. ఆమె మాత్రం నడిచే వెళ్ళేది. దారిపొడుగునా అందరినీ ప్రశ్నలు అడుగుతూ వెళ్ళేది.

నీళ్ళు వచ్చాయని విని విప్పగూడెం వాళ్ళం తిరిగి వచ్చాం. మూడువందల నలభై ఇళ్ళవాళ్ళం వెళ్ళాం. నూటపద్దెనిమిది ఇళ్ళవాళ్ళం వచ్చాం. నా భార్య రాలేదు. దాహంతో దారిలోనే పోయింది. గట్టుమీద నిలబడి చూసినవాళ్ళు తర్వాత నా గుమ్మం ముందుకొచ్చి చేతులు పట్టుకున్నారు. నేను క్షమించలేదు. ఈ కథ వింటున్న మీరు వాళ్ళ మనవలు, మీకు తెలియాలి కాబట్టి చెప్పాను. మళ్ళీ అడగవద్దు. ఈ మాట నేనిక ఎత్తను.