పళ్ళెంలో చివరి ముక్క

ఆ ఆదివారం నాలుగున్నరకి పెద్దమ్మ గొడుగు దులిపి, వీధి మలుపులో ఉన్న వైను బారు తలుపు తోసింది. తాగడానికి కాదు. తన పిల్లని ఇంటికి తెచ్చుకోవడానికి.

పిల్ల అంటే కన్నది కాదు, పోయిన చెల్లెలి కూతురు. ఆరేళ్ళప్పటి నుంచి పెంచింది. ఏమన్నా ఎదురు మాట అనకుండా ఊరుకోదని దానికి పిడుగు అని పేరు పెట్టింది. పెద్దమ్మని చుట్టుపక్కల అందరూ పెద్దమ్మనే అంటారు. ముప్పై నాలుగేళ్ళుగా ఇంటి వెనక గదిలో కట్టుడు పళ్ళు చేస్తోంది. ముగ్గురు పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు. ఎవరి నవ్వు ఎంత నిజమో ఆవిడకి తెలిసినంతగా ఈ పేటలో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరి నవ్వుకీ విలువ ఇవ్వదు.

ఆ పనే నేర్చుకుంటున్న పిడుగు ఆరు నెలల కిందట అచ్చులు వదిలేసి ఇక్కడ గ్లాసులు అందించడానికి చేరింది. రేపటి నుంచి బారు పైనున్న గదిలోనే ఉంటానంటోంది. ఆ మాట చెప్పినప్పుడు గొడవ పడలేదు. నెల రోజులుగా అసలు గొడవే పడటం లేదు. దేనికైనా "సరే పెద్దమ్మా" అంటోంది. చివరికి బుద్ధి వచ్చిందిలే అని పెద్దమ్మ కొన్నాళ్ళు సంతోషించింది కూడా.

లోపల ఎలా ఉందో చూసేసరికి ఆవిడకి నవ్వొచ్చింది. ఒకప్పుడు అక్కడ సైకిళ్ళు బాగుచేసేవారు. అప్పుడు కనీసం ఏదో ఒక పని జరిగేది. ఇప్పుడు గోడకున్న శుభ్రమైన సున్నాన్ని గీకించి, లోపలి ఇటుకలు బయటపెట్టి, అదొక అందం అనుకుంటున్నారు. బల్బులకి గొడుగులు లేవు, ఎత్తు స్టూళ్ళకి వీపు లేదు. నల్లబల్ల మీద వైన్ల పేర్లు, పక్క పేటలో ఎవరో గ్యారేజీలో కాచిన బీర్ల పేర్లు. ఒక బీరుకి 'అలిగిన మేఘం' అని పేరు. అది తాగడానికా, ఓదార్చడానికా తెలియలేదు.

బారు నడిపేవాడికి ముఖం కంటే గడ్డం ఎక్కువ. పెద్దమ్మ వాడిని మనసులో గడ్డం అనే పిలుచుకునేది. వాడు గ్లాసులో రెండు గుక్కల వైను పోసి, కళ్ళు సగం మూసి చెప్పాడు.

"ఇందులో ముందు తడి రాయి రుచి తెలుస్తుందండీ. తర్వాత తోలు. చివర్లో కొంచెం పాత పుస్తకం..."

"ద్రాక్షపళ్ళు వెయ్యడం మర్చిపోలేదు కదా?"

గడ్డం నవ్వి వెళ్ళిపోయాడు. పైపళ్ళలో రెండు పుచ్చినవి. రాళ్ళు నాకితే ఇలాగే అవుతుంది మరి.

బయట వాన చిక్కబడింది. అయిదు కాకుండానే కిటికీ మసకేసింది. కిటికీ దగ్గర ఒక జంట, కౌంటరు దగ్గర లాప్‌టాప్ తెరుచుకున్న ఒక మనిషి, అంతే. పిడుగు పళ్ళేలు తెచ్చి పెట్టి ఎదురుగా కూర్చుంది. అరచేతిలో ఇమిడిపోయే పళ్ళేలు. ఒకదాంట్లో వేయించిన పుట్టగొడుగులు మూడు. ఒకదాంట్లో కాల్చిన రొట్టె ముక్కలు మూడు, వాటి మీద గోరంత చేప. ఇంకోదాంట్లో పచ్చటి గట్టి చీజు ముక్కలు మూడు. పిల్లికి పెట్టినా అవమానపడుతుంది.

"అందరూ పంచుకుని తింటారు పెద్దమ్మా. ఇక్కడ అంతే."

"ఇద్దరికి మూడు పెట్టి పంచుకోమనే లెక్క ఏ బడిలో చెప్పారే నీకు?"

పాత పిడుగైతే "నీ బడిలోనే" అనేది. ఇది పెదాలు విప్పకుండా నవ్వింది. "సరేలే పెద్దమ్మా" అంది.

"గదీ వద్దు, గడ్డమూ వద్దు. పెట్టె సర్దుకో. ఇంటికి పోదాం."

"రాలేను."

"ఎందుకు రాలేవు?"

మాటల్లోనే పళ్ళేల్లో ఒక్కో ముక్క మిగిలింది. పెద్దమ్మ చెయ్యి మూడో చీజు ముక్క దగ్గరికి వెళ్ళడం చూసి పిడుగు ఆవిడ మణికట్టు పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. గ్లాసులు కడిగే చేతులు కదా అనుకుంది పెద్దమ్మ.

"చివరి ముక్క తినకు. ఇక్కడ ఎవరూ తినరు."

అప్పుడు చూసింది. కిటికీ దగ్గర జంట పళ్ళేల్లో ఒక్కో ముక్క మిగిలి ఉంది. లాప్‌టాప్ మనిషి కూడా ఒకటి వదిలేశాడు. గడ్డం వచ్చి ఆ ముక్కలన్నీ ఒక తెల్ల పళ్ళెంలోకి తీసుకుని, కౌంటరు వెనక తలుపు తెరిచి, నేలమాళిగ మెట్ల వైపు వెళ్ళాడు. నిమిషంలో వెనక్కి వచ్చాడు. పళ్ళెం ఖాళీ.

ఎంగిలి ముక్కలు పోగేసి రేపు మళ్ళీ వడ్డిస్తారన్నమాట, అనుకుంది పెద్దమ్మ. గోడలు గీకినట్టే పళ్ళేలూ గీకుతారు. ఆవిడ గడ్డం కళ్ళలోకి సూటిగా చూస్తూ చీజు ముక్క నోట్లో వేసుకుంది. నింపాదిగా నమిలింది. తర్వాత చివరి పుట్టగొడుగు. తర్వాత రొట్టె.

ఎవరూ కెవ్వుమనలేదు. కౌంటరు మీద బీరు కుళాయి మాత్రం ఒకసారి దగ్గింది. ఎవరూ తిప్పకుండానే తెల్లటి నురగ కక్కింది. లాప్‌టాప్ మనిషి గ్లాసులో నురగ తప్ప ఇంకేం పడలేదు. వాడు విసుక్కుని లేచి వెళ్ళిపోయాడు. జంట ఖాళీ పళ్ళేలకి కూడా ఫొటోలు తీసుకుని, వాసనొస్తోందని ముక్కులు మూసుకుని వాళ్ళూ పోయారు.

వాసన నిజమే. ముందు పులిసిన పిండి వాసన, నానిన బిరడా వాసన. దాని కింద నుంచి ఇంకోటి, మెల్లగా, నేల పలకల సందుల్లోంచి... వెచ్చగా... పెద్దమ్మకి అది ఎక్కడైనా గుర్తుపట్టే వాసనే. చాలాకాలం తెరవని నోటి వాసన.

కింద ఎవరో కుర్చీ జరిపారు.

గడ్డం బల్ల దగ్గరికి వచ్చాడు. వాడి గొంతు గుసగుస అయిపోయింది.

"తినేశారా?"

"మూడింటికి మూడూ. ఉప్పు తక్కువ."

"ఈ కొట్టు అప్పగించినప్పుడు సైకిళ్ళ పాతాయన ఒకటే మాట చెప్పాడండీ. ఇక్కడ ఏం తిన్నా ప్రతి పళ్ళెంలో చివరిది కిందకి పంపమన్నాడు. ఎవరికి అని నేను అడగలేదు. మూడో మెట్టు మీద పళ్ళెం పెట్టి ఇటు తిరుగుతాను. మళ్ళీ చూస్తే ఖాళీ."

"అడగలేదు."

"లేదండీ."

"ఆ మెట్టు దాటి దిగలేదు."

"...లేదు."

"మరి కింద నుంచి సీసాలు, పీపాలు ఎవరు తెస్తున్నారు?"

గడ్డం పిడుగు వైపు చూసి తల దించుకున్నాడు. "తను భయపడదండీ. మొదటి వారం నుంచీ తనే దిగేది. నెల కిందట ఒక రోజు... దిగి, చాలాసేపు రాలేదు. నేను పైనుంచి పిలిచాను. తర్వాత వచ్చింది. బాగానే ఉంది. అప్పటి నుంచి తను కూడా దిగనంటోంది. అప్పటికి పైకి తెచ్చిన సరుకుతోనే నెట్టుకొస్తున్నాం."

పిలిచాడట. పైన నిలబడి, అన్ని వైన్లలో అన్ని రుచులూ కనిపెట్టే ఈ మగాడు, ఒక ఆడపిల్ల చీకట్లోంచి రాకపోతే మెట్టు మీద నిలబడి పిలిచాడట. పెద్దమ్మ వాడిని పై నుంచి కింద దాకా ఒకసారి చూసింది. చెప్పుతో కొట్టినా చెప్పుకే చేటు అనిపించింది.

అప్పుడే మెట్ల మీద పింగాణీ రాసుకున్న చప్పుడు. ఎవరో పళ్ళేన్ని పైకి తోసినట్టు.

గడ్డం వెళ్ళి తెచ్చాడు. కడగడానికని తొట్టెలో వేసిన తెల్ల పళ్ళెమే అది. కిందకి ఎలా పోయిందో వాడికీ తెలియదు. అందులో ఒక చీజు ముక్క ఉంది. సగం కొరికి వదిలేసినది.

"ఇన్నాళ్ళూ ఏదీ తిరిగి రాలేదండీ," అన్నాడు.

పెద్దమ్మ ఆ ముక్క తీసుకుని బల్బు కిందకి జరిగింది. ముందు కోపంగానే చూసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని చూసింది. గట్టి చీజు మైనం లాంటిదే, కొరికితే పంటి గుర్తు అచ్చు గుద్దినట్టు నిలబడుతుంది. పై వరస. ముందు పళ్ళు నాలుగు. కోర పన్ను కొంచెం పక్కకి తిరిగింది. ఎడమ వైపు రెండోది... వెంట్రుక మందం పొట్టి.

పందొమ్మిదేళ్ళప్పుడు సైకిలు మీంచి పడి పిడుగు పన్ను విరగ్గొట్టుకుంది. దాని స్థానంలో వేసిన పన్ను పెద్దమ్మ స్వయంగా చేసింది. నాలుగు రాత్రులు కూర్చుంది. కింది పన్నుకి తగలకుండా అంచు వెంట్రుక మందం తగ్గించింది. లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట, ఆకురాయితో ఒక సన్నటి గీత పెట్టింది. ఏ పనికీ అలాంటి గుర్తు పెట్టదు. అదొక్కదానికే పెట్టింది. ప్రేమ అని నోటితో చెప్పడం ఆవిడకి చేతకాదు.

ఆవిడ తలెత్తి ఎదురుగా కూర్చున్న పిల్లని చూసింది.

"నోరు తెరువు."

"ఏంటి పెద్దమ్మా, ఇక్కడా..."

"తెరువు."

తెరిచింది. ముందు పళ్ళు నాలుగూ దారం పట్టి కట్టినట్టు సమానంగా ఉన్నాయి. తెల్లగా. ఎవరి చెయ్యీ పడకుండా.

"నీ పన్ను విరిగింది ఎప్పుడే?" అడిగింది పెద్దమ్మ.

పిల్ల కాసేపు ఆలోచించింది. నిజంగానే గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించినట్టు.

"నాకెప్పుడు విరిగింది పెద్దమ్మా?"

నెల రోజులు. ఒకే కప్పు కింద నెల రోజులు. ఎదురు మాట లేదని, మాట వింటోందని తను సంబరపడింది. గడ్డాన్ని ఈసడించిన నోటితోనే పెద్దమ్మ తనని తాను తిట్టుకుంది. జనం పళ్ళన్నీ చూసే దానివి, నీ ఇంట్లో పిల్ల నోటి వైపు చూడలేదు.

కింద నుంచి గొంతు వచ్చింది. నీరసంగా ఉంది. కానీ ఆ వెటకారం ఒక్కళ్ళదే.

"ఇంకా ఎంతసేపు నిలబడతావు? మోకాళ్ళ నొప్పులని మళ్ళీ నా ప్రాణం తీస్తావు."

పెద్దమ్మ లేచింది. గడ్డం దారికి అడ్డం వచ్చాడు. "వద్దండీ. దిగకండి."

"నువ్వు జరుగు నాయనా. ఇక్కడే నిలబడి తడి రాయి రుచి చూసుకో."

ఎదురుగా ఉన్న పిల్ల కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. "సరే పెద్దమ్మా," అంది.

పై దీపం వెలుగు మూడో మెట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ కింద చీకటి. నాలుగు... అయిదు... గోడ చెమట పట్టి జారుతోంది. ఆరు... పీపాల చల్లటి ఇనుము మోచేతికి తగిలింది. ఎక్కడో నీటి చుక్క పడుతోంది. నోటి వాసన ఇక్కడ గాలిలో లేదు. ఇక్కడ గాలే అది. తొమ్మిది... పది... కాలి కింద మట్టి నేల.

"ఏమే. ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటాను?" గొంతు చాలా దగ్గర. "పైన సరే సరే అనేది దొరికిందిగా నీకు. సుఖంగా లేదూ?"

పెద్దమ్మ గుర్తుపట్టింది. పన్నెండేళ్ళప్పుడు అలిగినా ఇదే గొంతు. ఇదే విరుపు.

"తప్పయిందే," అంది. బతుకులో మొదటిసారి అంది.

అవతల ఊపిరి వినిపించింది. అంతే.

"నోరు తెరువు."

"నమ్మకం లేదా?"

"లేదు. తెరువు."

చీకట్లో తడుముకుంటూ చెయ్యి చాపింది. బుగ్గ తగిలింది. పెదవి తగిలింది, ఎండిపోయి చెక్కులు లేచింది. చూపుడు వేలు లోపలికి పోనిచ్చింది. ఒకటి... రెండు... అదిగో. అంచు వెంట్రుక మందం పొట్టి. వేలు వెనక్కి తిప్పి లోపలి వైపు తడిమింది. గీత ఉంది. తన ఆకురాయి గీత.

పెద్దమ్మ కళ్ళ నీళ్ళు చీకట్లో ఎవరికీ కనపడకుండా కారాయి. నా పిల్లే. ఇది నా పిల్లే. రెండో చేత్తో దాని భుజం పట్టుకుంది. ఎముకలు తప్ప ఏమీ లేవు. "పద తల్లీ. పోదాం," అంది.

పైన మెట్ల మొదట్లో ఎవరో వంగి చూశారు. వెలుగు కాస్త తగ్గింది.

"పెద్దమ్మా," మర్యాదగా అడిగింది పై గొంతు. "దొరికిందా?"

పెద్దమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. వేలు ఇంకా ఆ నోట్లోనే ఉంది. నోరు కదలకుండా, ఓపిగ్గా, ఇంకా తెరుచుకునే ఉంది. అలవాటు కొద్దీ వేలు కొంచెం లోపలికి వెళ్ళింది.

ఆ వరస వెనక ఇంకో వరస ఉంది.

వేలు ఆపుకోలేకపోయింది. ఒకటి... రెండు. ఎడమ వైపు రెండోది అంచు పొట్టి. లోపలి వైపు గీత.

తను చేసింది ఒక్కటే పన్ను.