తిరగేసిన రెండు వైర్లు

షెర్లీ నోట బెంజిమిన్ పేరు నాలుగోసారి వచ్చేసరికి బాలశౌరి చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కారు సీటు కిందికి దొర్లింది. దాన్ని వెతుకుతున్నట్టు తల వంచాడు. ముఖం దాచుకోవడానికి అంతకంటే మర్యాదైన మార్గం ఆ క్షణాన అతనికి దొరకలేదు.

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద అతనిది కారు ఆడియో షాపు. షెర్లీ కారంపూడి హైస్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరిదీ ఒకే చర్చి. ఆమె కీబోర్డు వాయిస్తుంది, అతను మైకుసెట్టు చూసుకుంటాడు. రెండేళ్లుగా అతను చెప్పవలసిన ఒక్క మాటనూ ప్రతి ఆదివారం వచ్చే ఆదివారానికి వాయిదా వేస్తూ వచ్చాడు. ఆ వాయిదాల సందులోంచి బెంజిమిన్ వచ్చాడు. ఎడ్లపాడు వాడు, బ్యాంకు ఉద్యోగి, పైగా గిటారు వాయిస్తాడు. సంబంధం షెర్లీ తల్లి ఆరోగ్యమ్మకు నచ్చింది. శనివారం ఆ ముగ్గురూ షెర్లీ కారులో సాగర్ దాకా వెళ్లి మాట్లాడుకోవాలని నిర్ణయం.

ఆ కారు పాటల్లో బేస్, అంటే దడదడలాడే మంద్రధ్వని, లేదని ఫోనులోనే తేల్చినవాడు బెంజిమిన్. ఆంప్లిఫయరూ, బేస్ మోగించే స్పీకరైన సబ్‌వూఫరూ పెట్టించమన్నదీ అతనే. కంపెనీ స్టీరియోను మాత్రం తీయించవద్దని, తీస్తే స్టీరింగ్ మీది బటన్లు పనిచేయవని కూడా చెప్పాడట. అది నిజమే. నిజం కావడం వల్లనే బాలశౌరికి మరింత మండింది.

అయినా పని పద్ధతిగానే చేశాడు. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సహా కరెంటు వైరు లాగాడు. వెనక స్పీకర్ల వైర్ల నుంచి కన్వర్టరు ద్వారా పాటను ఆంప్లిఫయరుకు అందించాడు. డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టె బిగించాడు. ఇక ఆ పెట్టెకు రెండు వైర్లు కలపడమే మిగిలింది.

"మీ పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు మేడమ్?"

"మేడమేంది శౌరీ కొత్తగా? బెంజిమిన్ కూర్చుంటాడు. అమ్మ వెనక."

ప్లస్ కలపవలసిన చోట మైనస్ కలిపాడు. అలా కలిపితే తలుపుల్లోని స్పీకర్లు గాలిని ముందుకు నెట్టేటప్పుడు పెట్టె వెనక్కి లాగుతుంది. వెనక సీటులో దడదడలాడే శబ్దం ముందు సీటుకు చేరేసరికి బోలుగా మిగులుతుంది. చేసింది తప్పని అతనికి తెలుసు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది కూడా.

సోమవారం సాయంత్రం షెర్లీ షాపుకు వచ్చి జరిగింది చెప్పింది. పిడుగురాళ్ల దాటకముందే బెంజిమిన్ బేస్ లేదన్నాడట. తన వీపు అదురుతుంటే లేదంటాడేందని ఆరోగ్యమ్మ వెనకనుంచి తగులుకున్నదట. బిగించినవాడికి పని రాదని అతనన్నాడు. ఆ మాటకు షెర్లీ బండి పక్కకు ఆపింది.

"మా చర్చిలో మైకు ఒక్కసారి కూడా కీచుమనలేదని చెప్పా. చూడకుండానే ఒకరి పనిని తీసిపారేసే మనిషితో నాకు కుదరదని కూడా చెప్పా. పిడుగురాళ్లలో దిగి బస్సెక్కి పోయాడు."

బాలశౌరికి అరనిమిషం లోకమంతా తియ్యగా తోచింది. నోరు మూసుకుంటే చాలు. కానీ ఆమె ఏ పనితనాన్ని నమ్మి ఆ సంబంధాన్ని వదులుకున్నదో, అది ఆ రోజు తన చేతుల్లో లేదు. మౌనంగా ఉంటే ఆమె ఆదరించేది తనను కాదు, తనలా కనబడే మరొకణ్ని. ఆ మరొకణ్ని చూసి కూడా అతనికి కుళ్లు పుట్టింది.

"అతను చెప్పింది నిజం. వైర్లు తిరగేసి కలిపా."

"పొరపాటునా?"

"తెలిసే."

షెర్లీ బ్యాగులోంచి ఫోను తీసింది. బెంజిమిన్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, ఆంప్లిఫయరు పెట్టెల మీద ఉంచింది. బాలశౌరి చేసింది చెప్పాడు.

"అట్టెందుకు చేశావు బ్రదర్?" అన్నది ఫోను.

"ఆ సీట్లో నువ్వు కూర్చుంటావని. రెండేళ్ల నుంచీ షెర్లీ అంటే నాకు చానా ఇష్టం. ఆమెకు చెప్పే ధైర్యం లేక నీ మీద కసి తీర్చుకున్నా."

 అవతల బెంజిమిన్ నిట్టూర్చాడు.

"అయితే నా చెవులు బాగానే ఉన్నాయి. పొద్దున డాక్టరుకి చూపించుకొచ్చా. ఆ సంగతి ఆరోగ్యమ్మ గారికి కూడా చెప్పండి."

ఫోన్ పెట్టేశాడు. షెర్లీ నవ్వు ఆపుకోలేకపోయింది. అతని మాటకు ఆమె నవ్వడం బాలశౌరికి ఇప్పుడూ గుచ్చుకుంది. అది ఆమె కనిపెట్టింది.

"మళ్లీనా? ఆ మనిషిని నీవల్ల నడిదారిలో దింపా. నాకింకా కోపం పోలేదు."

"తెలుసు."

"ముందు వైర్లు సరిచెయ్యి. రేపు మా ఇంటికొచ్చి అమ్మకు వైర్ల సంగతి చెప్పు. ఆ తరవాతే ఇందాక ఫోన్లో చెప్పిన రెండోది. వరస మారిస్తే ఒప్పుకోను."

అతను డిక్కీ తెరుస్తూ, ఆరోగ్యమ్మగారు ఏమంటారోనని భయంగా అడిగాడు.

"రెండోదానికి సరేనంటదని నాకు సంవత్సరం నుంచీ తెలుసు, నువ్వే అడగలేదు," అన్నది షెర్లీ, బ్యాగు భుజాన వేసుకుంటూ. "మొదటిదానికే నేను పూచీ ఇవ్వలేను."