మాక్ ఇంటర్వ్యూలో ఆరో అభ్యర్థి

"ఆపరేషన్ దుబాసీ. పదకొండింటికి అసలు ఇంటర్వ్యూ. శత్రువు మనిషి నీ క్లాసులోనే ఉన్నారు. ఆడో, మగో, ఎవరో ఆలోపు తేల్చు," అన్నాడు చీఫ్ ఫోన్లో. "లేకపోతే రేపు రెండు దేశాల జనరల్స్ మధ్య దుబాసీగా వాళ్లే కూర్చుంటారు."

ఏజెంట్ ఏడు నెలలుగా మాండరిన్ మాస్టారి వేషంలో ఉన్నాడు. టైలర్ నుంచి నర్సు దాకా ఆరుగురు విద్యార్థులు, అందరూ ఆ దుబాసీ ఉద్యోగానికే వెళుతున్నారు. అతను ఐదుగురి మీదే నిఘా పెట్టించాడు. ఆరో పేరు తనే కొట్టేశాడు. ఆమెను అందరూ చిలక అంటారు. గదిలోకొస్తే తలలన్నీ అటే తిరిగే అందం. అతని భార్య పోయినరోజు ఆస్పత్రి వరండాలో పక్కన కూర్చుని ఏడ్చింది ఆమె ఒక్కతే.

జేబులో పెన్ను తడిమి చూసుకున్నాడు. క్యాప్ నొక్కితే వీధిలో వ్యాన్‌లో ఉన్నవాళ్లు పైకొస్తారు.

"మాక్ ఇంటర్వ్యూ మొదలెడదామా?"

అతనిదో పద్ధతి. అభ్యర్థి పరిచయం అప్పజెబుతుంటే సగంలో ఆపి, "కాఫీ తాగుతారా?" అని మాండరిన్‌లోనే అడుగుతాడు. టైలర్ తడబడి, మళ్లీ "నమస్కారమండీ, నా పేరు..." నుంచి ఎత్తుకున్నాడు. నర్సూ అంతే.

"ఏమ్మా, ఇంజన్ మళ్లీ షెడ్డులోంచే బయల్దేరాలా?"

"బట్టీ పట్టిన సరుకు మాస్టారూ, మధ్యలోంచి రాదు!"

అందరూ నవ్వారు. ఐదుగురూ మొదటికే వచ్చారు.

చిలకా అందరిలాగే తడబడుతూ మొదలుపెట్టింది. అతను ఆపి కాఫీ సంగతి అడిగాడు. "వద్దండీ, ఇప్పుడే తాగాను," అని మాండరిన్‌లోనే చెప్పి, ఆగిన మాట దగ్గరే అందుకుని సాగిపోయింది.

మాస్టారి చెయ్యి జేబులో పెన్ను మీదికి వెళ్లింది. ఏడు నెలల కిందట అంకెలు కూడా రావన్న మనిషికి అబ్బే పని కాదది. అమ్మ ఒళ్లో నేర్చిన భాషైతేనే అలా వస్తుంది.

మిగతావాళ్లు ఇంటర్వ్యూకి వెళ్లే బస్సెక్కడానికి మెట్లు దిగారు. ఆమె తలుపు దగ్గర ఆగింది. అతని ముఖం చూసి అర్థం చేసుకుంది.

"ఆ రోజు ఆస్పత్రికి రావడం... అదీ డ్యూటీయేనా అమ్మా?"

"రావడం డ్యూటీయే మాస్టారూ. ఏడవమని ఎవరూ చెప్పలేదు." ఆమె సంచీ భుజానికేసుకుంది. "బస్సు వెళ్లిపోతుంది. వెళ్లనా?"

వేలు పెన్ను మీదే ఉంది. కింద హారన్ మోగింది. ఆమె గడప దాటింది. అప్పుడు నొక్కాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. బస్సు ఐదుగురితోనే కదిలింది.

"ఎలా పట్టావయ్యా?" అన్నాడు చీఫ్.

ఏజెంట్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏముంది సార్, నా బ్యాచ్‌లో పాసైంది ఆమె ఒక్కతే."