బెల్లం పెనంలో చచ్చిన నీళ్ళు

భరణి కార్తె... మిట్టమధ్యాహ్నం! మనిషి నీడ కాళ్ళ కిందికి ముడుచుకుపోయే వేళ. కాకి సైతం గొంతు విప్పని వేళ. క్షుద్రశక్తులకు అర్ధరాత్రి ఎంత ఇష్టమో, ఈ ఘడియ కూడా అంతే ఇష్టం...

అది డెబ్బై మూడో సంవత్సరం. వానలు లేక నిజాంసాగర్ కాలువ అడుగు పగుళ్ళు తేలింది. బోధన్ చుట్టూ చెరకు తోటలు నిలువునా ఎండిపోయి, గాలి వీచినప్పుడల్లా ఎముకలు రాసుకున్నట్టు చప్పుడు చేస్తున్నాయి.

ఆ వేళ నర్సన్న ఇంటి పెరట్లో అతని భార్య గంగమణి ఒక్కతే గుంతను చదును చేస్తోంది. ఆమెకు ఆరో నెల. నీళ్ళు దొరక్క పిచ్చుకలు పెరట్లో రాలి చచ్చిపోతుంటే చూడలేక, వాటి కోసం చిన్న మడుగు చేయాలనుకుంది. ఖర్చేమీ లేదు. మూతపడిన బెల్లం గానుగ దగ్గర చెరకు రసం కాచే పాత ఇనుప పెనం ఒకటి పగిలి పడి ఉంది. నలుగురు కూర్చునేంత వెడల్పు. నర్సన్న దాన్ని దొర్లించుకొచ్చాడు. పగులుకు ఆమె బంకమట్టీ పేడా కలిపి మెత్తింది. కప్పలు ఎక్కడానికీ పిట్టలు దిగడానికీ ఒక పక్క వాలుగా రాళ్ళు పేర్చి పెట్టుకుంది.

“బెల్లం పెనంల కప్పలను ఉడకబెడ్తవా?” అని పొద్దున నర్సన్న నవ్వాడు.

“ఉడికినంక ముందుగాల నీకే వడ్డిస్త తియ్,” అంది గంగమణి.

ఇప్పుడు దడి అవతల మరో గొంతు వినిపించింది.

“దాహమైతుంది బిడ్డా.”

మంజీర ఏటి అవతలి శ్మశానాల్లో తిరిగే మాంత్రికుడు ఆశన్న! ఆ సంగతి గంగమణికి తెలియదు. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. తాగుతూ అతను ఆమె కడుపు వైపు చూశాడు. తర్వాత గుంత వైపు చూశాడు.

“కొత్త నీళ్ళకు గంగమ్మ ముంత పెట్టినవా?”

ఆ ఊళ్ళో ఎవరు బావి తవ్వినా, అడుగున మూతకట్టిన మట్టి ముంత పెడతారు. పెద్దవాళ్ళు ఇచ్చిన ముంతను విప్పి చూడరు. పిట్టల గుంతే కదా అని తాను ముంత పెట్టనందుకు గంగమణికి సిగ్గేసింది.

“నా తాన ఒకటున్నది. నీ చేత్తోనే పెట్టు. ఇప్పకు,” అన్నాడు ఆశన్న.

ఆమె పెట్టింది. సాయంత్రం నర్సన్న పెనాన్ని ఆ ముంత పైన దింపాడు. వారం రోజులు వాడకం నీళ్ళు మిగిల్చి ఆమె మడుగు నింపింది.

ఆ ముంతలో ఉన్నది... పసిబిడ్డ కపాలం!

కడుపుతో ఉన్న స్త్రీ స్వహస్తాలతో నింపిన నీటి కింద ఆ కపాలం నలభై రోజులు ఉండాలి. ఆ నీటిలో ఒక్క ప్రాణి కూడా పుట్టకూడదు. నలభయ్యో నాటి మిట్టమధ్యాహ్నం గర్భంలోని శిశువు ఊపిరి కపాలంలోకి దిగుతుంది. ఆ ప్రేతం ఇక ఆశన్నకు బానిస!

పది రోజులు గడిచాయి. పక్కింటి కనీజ్ దడి మీంచి తొంగి చూసింది.

“గంగమణీ, నీ మడుగు మీద దోమ గూడ వాల్త లేదేందే? మా కోళ్ళు దాన్ని సూసి దూరంకెల్లి పోతున్నయ్.”

“దోమలు లేకుంటె మంచిదే గదా,” అని నవ్వబోయి గంగమణి ఆగిపోయింది. కడుపులో బిడ్డ రెండు రోజులుగా కదలడం లేదు.

ఇరవయ్యో రోజు నుంచి ఆమె ఆమెలా లేదు. సూర్యుడు నడినెత్తికి రాగానే జుట్టు విరబోసుకుని మడుగు ఒడ్డున కూర్చునేది. ఆమె నోట్లోంచి ఎవరో పసివాడి గొంతు... “ఆకలి... ఆకలి...” అంటూ పెరడంతా వినిపించేది. పట్టుకోబోతే భర్త చేతిని రక్తం వచ్చేలా కొరికింది. గోడ మీద గుడ్లగూబ పట్టపగలే రెప్ప వేయకుండా చూస్తూ కూర్చునేది.

నర్సన్న మడుగు తోడేయాలని చూశాడు. యాభై బకెట్లు తోడినా నీళ్ళు అంగుళం తగ్గలేదు! నలుగురు మనుషులు గడ్డపారలు వేసినా పెనం కదల్లేదు.

ముప్పై తొమ్మిదో నాటి సాయంత్రం గంగమణికి కాసేపు తెలివి వచ్చింది. పక్కన కూర్చున్న అత్త రాములవ్వ కొంగు పట్టుకుంది.

“అత్తా... అండ్ల పాణం లేదు. అయి సచ్చిన నీళ్ళు. నా బిడ్డ గూడ గట్లనే అయితది.”

రాములవ్వ కోడలి జుట్టు ముడి వేసింది.

“పాణం లేకుంటె తెచ్చేస్త. పాలల్ల తోడేసినట్టు, పాత మడుగు మన్ను దెచ్చి అండ్ల తోడేస్త. నువ్వు రేపటి దాక ఉండు బిడ్డా. గంతే.”

తెల్లవారకముందే ఆమె గంపా గడ్డపారా తీసుకుని కాలువకు వెళ్ళింది. ఎండిన అడుగులో నిలువు లోతు తవ్వింది. అక్కడ తడి మన్ను తగిలింది. మన్నులో రాళ్ళలా ముడుచుకుని నిద్రపోతున్న కప్పలు, నత్తలు, నాచు... అన్నీ వాన కోసం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయి. తడిగుడ్డ కప్పి గంప నెత్తికెత్తుకుంది.

ఆమె ఇల్లు చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. అంతలోనే ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడింది. ఫెళఫెళమంటూ ఉరుము! పెరట్లో నర్సన్న మంత్రబద్ధుడై కొయ్యబొమ్మలా నిలబడి ఉన్నాడు. గంగమణి మోకాళ్ళ మీద వంగి ఉంది. ఆమె జుట్టు నీళ్ళలో తేలుతోంది. ఆ జుట్టు మధ్య నుంచి, పెనం కింది ముంతలో ఉండాల్సిన తెల్లటి కపాలం మెల్లగా పైకి లేస్తోంది... ఎదుట ఆశన్న కళ్ళు మూసుకుని మంత్రం చదువుతున్నాడు.

అడుగుల చప్పుడుకు కళ్ళు తెరిచాడు.

“ముసల్దానా, ఇంకో అడుగేస్తె నీ కోడలు బూడిదైతది.”

“నా ఇంట్లకొచ్చి నన్నే ఆగుమంటవారా? జరుగు పక్కకు.”

ఘడియ దాటిపోతుందని ఆశన్న గబగబా మళ్ళీ మంత్రం అందుకున్నాడు. మన్ను విసిరితే పై నీళ్ళలోనే తేలిపోతుందనీ, తోడు అడుగున కలవాలనీ రాములవ్వకు తెలుసు. గుప్పిట నిండా మన్ను తీసుకుని కుడిచేతిని మోచేతి దాకా ఆ నీళ్ళలో ముంచింది. సలసల కాగుతున్న నీళ్ళు! మాంసం ఉడికిన వాసన పెరడంతా కమ్ముకుంది. ఆమె పళ్ళు బిగించింది. చెయ్యి తీయలేదు. ఎడమచేత్తో గంపను ఒంపుతూ, గుప్పిట తర్వాత గుప్పిట, మన్ను మొత్తం అడుగున కలిపింది.

నీళ్ళ సలసల ఆగిపోయింది...

“బెక...”

ఒక కప్ప! తర్వాత పది... తర్వాత వంద! చచ్చిన నీళ్ళు ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకున్నాయి. ప్రాణమున్న నీటిని దాటి కపాలానికి బిడ్డ ఊపిరి అందలేదు. కానీ ఆ ఘడియలో దానికి ఒక ఊపిరి కావాల్సిందే... దగ్గరలో తెరిచి ఉన్న నోరు ఒక్కటే. మంత్రం చదువుతున్న నోరు!

ఆశన్న వెనక్కి జరగబోయాడు. కాళ్ళు కదల్లేదు. ఒకే ఒక్క అరుపు... మోకాలి లోతు నీళ్ళలో ముఖం ఆనించి పడిపోయాడు. కపాలం పగిలి పొడి పొడిగా రాలిపోయింది.

మంత్రం విడిపోయి నర్సన్న అతన్ని బయటికి లాగేసరికి ప్రాణం పోయింది. నోరు, గొంతు, ముక్కుపుటాలు... అన్నీ కప్ప గుడ్ల జిగురుతో కిక్కిరిసి ఉన్నాయి. ఆ గుడ్లలో నల్లటి చుక్కలు కదులుతున్నాయి!

వాన కురిసింది. గోడకు జారగిలబడ్డ గంగమణి కళ్ళు తెరిచింది.

“కదులుతున్నదా?” అడిగింది రాములవ్వ.

గంగమణి కడుపు తడుముకుంది. చాలాసేపటికి ఆమె ఉలిక్కిపడి, అత్త చెయ్యి అందుకుని కడుపు మీద పెట్టుకోబోయింది. అది కుడిచెయ్యి. మోచేతి దాకా ఉడికి తోలు ఊడిపోయి ఉంది.

“దీనికేం తెల్వదు బిడ్డా,” అని రాములవ్వ ఎడమచెయ్యి ఆనించింది.

లోపల బిడ్డ ఒకసారి తన్నింది. కొంతసేపాగి... మరోసారి.