మొక్కుల యాట

తెల్లారేసరికి మునగ మొక్కలన్నీ మోడులయ్యాయి. పెరట్లో మేకపోతు తీరిగ్గా నెమరేస్తోంది. అమూల్య చీపురు ఎత్తింది.

“ఏయ్, కొట్టకు! అది మొక్కుల యాట,” అంటూ అత్త రుక్కమ్మ అడ్డం వచ్చింది.

కోడేరులోని ఆ ఇంట్లో ఆ మేకపోతుకున్న మర్యాద కొత్త అల్లుడికి కూడా ఉండదు. మనవరాలు శ్రుతి పుట్టగానే రుక్కమ్మ ఎల్లమ్మకు మొక్కింది. ఈసారి మనవడు పుడితే యాటను కోసి ఊరందరికీ కూర పెడతానంది. మొక్కి ఊరుకుందా? పెబ్బేరు సంతలో మేకపిల్లను కొనుక్కొచ్చింది కూడా. మొక్కిన జీవాన్ని అమ్మకూడదు, వేరే దావత్‌కు కోయకూడదు. తినడం దాని పని, కోడలి కడుపు వైపు చూడడం అత్త పని.

ఇంటి బోరు ఎండిపోయింది. ట్యాంకరు వస్తే బిందెలతో కొట్లాట. తెచ్చిన నీళ్లలో ముందు వాటా మేకపోతుదే.

“ఇంకొకర్ని కను, ఇంకొకర్ని కను అని సతాయించుడు బంద్ చెయ్యుండ్రి అత్తమ్మా. నాకు ఒక్క బిడ్డ చాలు.”

“మేం నలుగుర్ని కనలేదా?”

“అప్పుడు బాయిల నీళ్లుండె! ఒక్క యాటతోటి అయిపోయే దావత్ ఇప్పుడు అయిదింటితోటి గూడ అయితలేదు. మంది పెరిగిండ్రు, యాటలు పెరిగినయి. నీళ్లు పెరిగినయా?”

“ఏంరా అనిల్, నీ పెండ్లాం మాటలు ఇంటున్నవా?”

అనిల్ పళ్లు తోముకోవడంలో మునిగిపోయాడు. ఇలాంటప్పుడే మగాళ్లకు పళ్లు గుర్తొస్తాయి.

“నేను కొడుకును కంటే ఆ యాటకు చావు, కనకుంటే నాకు చావు. ఇద్దర్ని ఒక్క గుంజకే కట్టేసిండ్రు గద!” అమూల్య అక్కడే కూలబడి ఏడ్చింది.

రుక్కమ్మ కొంగు నడుముకు చెక్కింది. తాడు విప్పి, మేకపోతును తోలుకుని గుడి దారి పట్టింది. ఇప్పుడే కోయిస్తుందేమోనని అనిల్ నోట్లో బ్రష్‌తోనే వెనక పరుగెత్తాడు.

ఎండెక్కాక తిరిగొచ్చారు. రుక్కమ్మ చేతిలో కొబ్బరి చిప్ప, మేకపోతు మెడలో పూలదండ.

“తప్పైందని అమ్మకు దండం పెట్టి మొక్కు విడిపించుకున్న,” అంటూ రుక్కమ్మ కోడలి పక్కన కూర్చుంది. “కడుపు నీది, మొక్కింది నేను. నిన్ను ఒక్కమాటన్న అడగకపోతిని గదనే బిడ్డా.”

అత్త కళ్లు తుడుచుకోవడం అమూల్య అంతకుముందు చూడలేదు.

“మరి దీన్నేం చేద్దామే అమ్మా?” అన్నాడు అనిల్, ఆశగా.

“ఆదివారం కూర అన్నవో, సూడు!”

రుక్కమ్మ ముళ్లకంప తెచ్చి మోడుల చుట్టూ పాతింది. మునగ మొండిది, మళ్లీ చిగురేస్తుందని గొణిగింది. అమూల్య లేచి, బిందె అడుగున మిగిలిన నీళ్లు సగం మోడులకు పోసి, సగం మేకపోతు ముందు పెట్టింది.