గొంతుకు వేసిన గడియ

2091 వేసవిలో జమ్మలమడుగు వీధుల్లో ఎవరి మాటా గాలిలో వినపడదు. పొద్దున ఎనిమిది దాటితే మెడ దాకా చలువటోపీ బిగించుకోకుండా గడప దాటడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. టోపీలోని మైకు మాటను అందుకుని ఎదుటివారి టోపీలోని స్పీకరుకు పంపుతుంది. నోటికీ చెవికీ మధ్య ఇప్పుడు గాలి లేదు, యంత్రం ఉంది.

అందుకే ఓబుళమ్మ కూతురు చౌడేశ్వరి వీధిలోకి వస్తే మూగదైపోతోంది.

ఒకప్పుడు ఆ పిల్ల పాట వినని ఊరు లేదు. పదిహేడేళ్లప్పుడు మగ్గం గదిలో ఓ మూలకు నాలుగు బొంతలు గోడల్లా వేలాడదీసి, తానే కట్టిన పాటలు తానే గిటారు వాయిస్తూ పాడి రికార్డు చేసేది. ఏ కంపెనీ చెయ్యీ లేదు. అలా ఇరవై ఏడు పాటలు లోకంలోకి వెళ్లాయి. పాట ఆగిన చోట వెనకనుంచి మగ్గం చప్పుడు వినపడేది. దాంతోపాటే ఓబుళమ్మ గొంతు: "గడియ పెట్టినావా చౌడీ?" విన్నవాళ్లు ఆ మాటకే ఎక్కువ మురిసిపోయేవారు.

ఆ రోజుల్లోనే గొంతు దొంగలు బయలుదేరారు. రెండు నిమిషాల రికార్డు దొరికితే చాలు, ఎవరి గొంతునైనా యంత్రంతో పలికించేవారు. పక్క ఊళ్లో ఒకావిడకు కూతురి గొంతుతో ఏడుపు ఫోను వచ్చిందని విన్న ఓబుళమ్మకు మూడు రోజులు అన్నం సహించలేదు.

అప్పుడు వచ్చింది స్వరకంచె. శాస్త్రవేత్తలు వాయిస్ ఫెన్స్ అన్నారు. మనిషి అసలు రికార్డులను నమూనాగా తీసుకుని, ఆ పేరుతో వచ్చే ప్రతి మాటనూ దానితో పోలుస్తుంది. పోలిక కుదరకపోతే ఏ స్పీకరులోనూ పలకనివ్వదు. కంచెకు ఐదు మెట్ల బిగింపు ఉంది. ఏది కావాలని నమోదు చేసేవాళ్లు అడిగితే ఓబుళమ్మ ఐదోది చూపించి, "ఇంతకన్నా గట్టిది లేదా నాయనా?" అంది.

ఐదో మెట్టులో తాళంచెవి ఆ గొంతున్న మనిషి దగ్గర ఉండదు. దొంగ ఆ గొంతుతోనే వచ్చి తెరవమనవచ్చు గనక తాళంచెవి తల్లి గొంతుకే ఇచ్చారు. విప్పమన్నప్పుడు తల్లి గొంతు వణికితే ఎవరో బెదిరించి చెప్పిస్తున్నారని కంచె ఒప్పుకోదు. మొత్తం మూడే అవకాశాలు. ఆ తర్వాత అది విడిపోవడమంటూ లేదు.

తొమ్మిదేళ్లు బాగానే గడిచాయి. నిరుడు చౌడేశ్వరి గొంతులో గడ్డ తీశారు. ప్రాణం దక్కింది గానీ గొంతు కిందికి దిగి, ఇసుక కలిసినట్టయింది. కంచె లెక్కలో ఆ పిల్ల ఇప్పుడు నకలు. పాత చౌడేశ్వరి అసలు.

కొత్త పాటలు ఎక్కడా పలకకపోతే పోనీ అనుకున్నారు. పది రోజుల క్రితం మార్కెట్టు దగ్గర ఆమె టోపీలో ఫ్యాను ఆగిపోయింది. అరిచింది. ఒక్కరికీ వినపడలేదు. ప్రమాద గంట కూడా గొంతును పోల్చుకునే మోగుతుంది. చేతులూపితే, పలకరిస్తోందనుకుని జనం తిరిగి చేతులూపారు. కుప్పకూలాక ఎవరో టీకొట్టులోకి లాగి బతికించారు. వేరేవాళ్ల టోపీ పెట్టుకుందామన్నా ముఖం చూసి పేరు పట్టేస్తుంది.

అప్పటినుంచి ఓబుళమ్మ రెండుసార్లు కంచె విప్పమంది. రెండుసార్లూ గొంతు వణికింది.

మిగిలింది ఒక్కటే. కంచెను తయారుచేసిన వాళ్లలో ఒకరైన షంషాద్ కడపనుంచి వచ్చి, మగ్గం గదిలో కంచెను నడిపే యంత్రం ముందు కూర్చుంది.

"దేనికమ్మా భయం?" అని అడిగింది.

"విప్పితే దొంగలొస్తారని. విప్పకుంటే బిడ్డ యాడన్నా పడి సచ్చిపోతాదని. రెండు పక్కలా భయమే గదమ్మా."

"మాయమ్మ భయపడకుండా మాట్లాడింది నేను పుట్టినాక విన్లేదు మేడం," అంది చౌడేశ్వరి. "కావాలంటే నా పాటలన్నీ వెతుక్కోండి."

షంషాద్ కళ్లు మెరిశాయి. ఇరవై ఏడు రికార్డుల్లోంచి పాటను తీసేసి వెనకున్న చప్పుళ్లు మాత్రం మిగిల్చింది. ఓబుళమ్మ మాటలు నలభై ఒకటి దొరికాయి. గడియ పెట్టినావా. నీళ్లు తాగినావా. ఆ వైరు షాక్ కొడ్తాదేమో చూడు. అన్నిట్లోనూ ఒకటే వణుకు. ఓబుళమ్మ అసలు గొంతు ఇదేనని వాటిని యంత్రానికి ఎక్కించింది.

"నమూనా తీసుకున్నాను," అంది యంత్రం. "ఈ వణుకు ఓబుళమ్మగారి సహజ స్వరం. ఇకపై దీన్ని బెదిరింపుగా లెక్కించను."

షంషాద్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు ఎంత వణికినా పర్వాలేదమ్మా. ఎప్పటిలాగే మాట్లాడండి."

"ఇదే ఆఖరుది గదా? తప్పితే?"

"అబ్బ, ఊరుకో మా," అంటూ చౌడేశ్వరి తల్లి పక్కన కూర్చుంది. "కొత్త పాట ఒకటుండాది. ఎవురూ విన్లేదు. ముందు అది విను."

*గడియ పెట్టిన తలుపెనక*
*గాలి యెట్లొచ్చెనో అమ్మా,*
*గొంతు మారిన నీ బిడ్డను*
*గుర్తుపట్టవే అమ్మా.*

ఆపరేషన్ అయినప్పటినుంచీ కూతురు కూనిరాగం తీసినా కుట్లు తెగుతాయేమోనని ఓబుళమ్మ ఆపేసేది. ఒక్క పాటా చివరిదాకా విననేలేదు. ఇప్పుడు విన్నది. గరుకుగా ఉంది. బలంగా ఉంది. చావు దాకా వెళ్లి వచ్చిన గొంతు, ఇంక దేన్నీ లెక్క చేయని గొంతు. గుండెల మీద ఇన్నేళ్లుగా ఉన్న బరువేదో జారిపోయినట్టు అనిపించిందామెకు. యంత్రం వైపు తిరిగింది.

"నేను ఓబుళమ్మను. నా బిడ్డ గొంతు ఇదే. కంచె విప్పు."

ఎక్కడా వణుకు లేదు. యంత్రం పలకకముందే షంషాద్ ముఖం పాలిపోయింది.

"సరిపోలలేదు. నలభై ఒక్క నమూనాల్లో ఈ స్వరం లేదు. ఇది నకలు. మూడో అవకాశం ముగిసింది."

"పుట్టి బుద్దెరిగినాక ఒక్కసారి ధైర్యంగా మాట్లాడితివే మా," అంది చౌడేశ్వరి. నవ్వబోయింది గానీ పెదవులు వంకరపోయాయి.

ఓబుళమ్మ బల్ల అంచు పట్టుకుంది. "అయ్యో... ఇప్పుడెట్ల షంషాదమ్మా? బిడ్డ యాడన్నా పడిపోతే ఎవురికి వినపడ్తాది?"

యంత్రం మీద పచ్చదీపం వెలిగింది.

"నమస్కారం ఓబుళమ్మగారూ, గుర్తుపట్టాను. ఇప్పుడే ఎవరో మీ పేరు చెప్పుకుని కంచె విప్పబోయారు. అడ్డుకున్నాను. భయపడకండి. గడియ గట్టిగా పడింది."